చుక్క కనబడకపోతే పాస్

రోజు 1

కళ్ళ పరీక్ష ముగిసింది. గని అడుగున ఈ మూడో గ్యాలరీలో రెండు వందల పదకొండు మంది. ముగ్గురు చార్టు మీద నాలుగో వరుస దాటలేదు. కమిటీ పుస్తకంలో ముగ్గురి పేర్లూ రాశాను. ఆ పుస్తకంలో పేరుకూ, కుడి కంటికీ, ఎడమ కంటికీ తప్ప మరి దేనికీ గడి లేదు. అందుకని ఈ పుస్తకం మొదలుపెట్టాను.

రేపు పొద్దున లైట్లు రాగానే ముగ్గురూ నేల మీదికి పోయే కేజ్ ఎక్కుతారు. పైన సోలార్ ప్యానెళ్ళు తుడవాలి. వాటి మీద దుమ్ము పేరుకుంటే ఇక్కడ లైట్లు ఉండవు, ఫ్యాన్లు తిరగవు, గాలి ఆడదు. పైన ఆ ఎండలో, ఆ ప్యానెళ్ళ తళతళలో మంచి కళ్ళు పది రోజుల్లో పోతాయి. ఎలాగూ కళ్ళు పోయే చోటికి పోయిన కళ్ళనే పంపడం కమిటీ ఏర్పాటు. తాడు పట్టుకుని వరుస వెంట నడుస్తూ తుడవడానికి చూపు అక్కర్లేదు.

తొంభై రోజులకోసారి ముగ్గురు కావాలి. పరీక్షలో దొరక్కపోతే చీటీలు తీస్తారు. నేను ఈ పనిలో చేరిన నాలుగేళ్ళలో ఆ అవసరం రాలేదు. పైకి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడమూ లేదు.

ఏడాది కిందట ఆ కమిటీ పుస్తకంలోనే నా భార్య పేరు రాశాను. సారక్క. కుడి నాలుగు, ఎడమ మూడు. నలభై ఒక్క రోజులు తుడిచింది.

రోజు 3

అద్దాలకు ముద్ర కొట్టే రోజు. లేజర్ ఉన్న ప్రతివాళ్ళూ తమ కళ్ళద్దాలు తెచ్చి చూపించాలి. పాత బొగ్గు గని యంత్రాల నుంచి ఊడదీసిన ముక్కలతో లేజర్లు కట్టుకుని, నునుపు చేసిన నల్ల బండ మీద ఆకుపచ్చ కిరణంతో బొమ్మలు కాలుస్తారు. గ్యాలరీలో దీన్ని గీకుడు అంటారు. రోజుకు నాలుగు గంటలే లైట్లు. మిగతా ఇరవై గంటలు మనిషి ఏదో ఒకటి చేసుకోవాలి. మా దగ్గర ముప్పై ఒక్క మంది గీకుతారు.

అద్దాల పరీక్ష సులువు. ఎర్ర అద్దంలోంచి లేజర్‌ను గోడ మీదికి కొడతాను. ఆకుపచ్చ చుక్క కనబడకపోతే పాస్. అద్దం అంచు మీద ఉన్న పాత రాతలు చాకుతో గీకేసి, ఆ చోట ముద్ర కొడతాను.

ఫ్యాన్ల మెకానిక్ ఓదెలు ఎప్పటిలాగే చేతులూపుకుంటూ వచ్చాడు.

"అద్దాలేవి ఓదెలూ?"

"ఇంట్ల పండుకున్నయ్ సారూ. లేపుడెందుకని నేనే అచ్చిన."

"ఈసారి లేజర్ గుంజుకుంటా."

"గుంజుకోండ్రి. ఇది మూడోసారి. గా లేజర్‌కు మీ అర్ర అత్తగారిల్లు లెక్కయింది. పోతది, నాలుగు రోజులుంటది, మంచిగ తిని అత్తది."

వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. లేజర్ గుంజుకున్నాను. తరవాతి మనిషి మొగిలి. గ్యాలరీలో అందరికన్నా జాగ్రత్తపరుడు. అద్దాలు ఊడిపోకుండా అంచు చుట్టూ ఇనుప పట్టీ బిగించుకున్నాడు. అతన్ని చూపించి ఓదెలుతో, "చూసి నేర్చుకో" అన్నాను.

రోజు 19

లస్మవ్వ సారక్క తల్లి. అరవై రెండేళ్ళు. కూతురు పోయినప్పటి నుంచి నా గదిలోనే ఉంటోంది. కూతురి ముఖబండ గీకుతోంది.

పైకి వెళ్ళినవాళ్ళ శరీరాలు కిందికి రావు. అందుకని రక్త సంబంధం ఉన్నవాళ్ళు పోయినవాళ్ళ ముఖాన్ని బండ మీద కాల్చి గ్యాలరీ గోడకు నిలబెడతారు. గీకేటప్పుడు పోయిన మనిషి అద్దాలే పెట్టుకోవాలి. లస్మవ్వ ఎనిమిది నెలలుగా సారక్క అద్దాలు పెట్టుకుని రోజుకు మూడేసి గంటలు వంగి కూర్చుంటోంది.

ఈ రోజు పిలిచింది.

"అల్లుడా, దాని ముక్కు సూటిగనే ఉండె గదా?"

"సూటిగానే ఉండేది అత్తమ్మా."

"మరి కుదుర్తలేదేంది? నాలుగుసార్లు గీకిన. గీ బండే మంచిది గాదు."

చూశాను. నుదురు సారక్కదే. చెవులు, జుట్టు, గడ్డం కింద మచ్చ, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ముక్కు ఉండాల్సిన చోట నాలుగు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

ఆమె ముందు మూడు వేళ్ళు పెట్టాను. సూటిగా చూసి చెప్పలేకపోయింది. ముఖం పక్కకు తిప్పి, కంటి కొసతో చూసి, మూడు అంది. సారక్క కూడా చివరి నెలల్లో నన్ను అలాగే చూసేది. అలిగిందనుకున్నాను.

రోజు 20

కమిటీ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. నాలుగేళ్ళలో పైకి వెళ్ళినవాళ్ళు నలభై ఎనిమిది మంది. అందులో నలభై ఆరుగురు గీకేవాళ్ళు. ఇది నాకు తెలిసిన సంగతే. గీకేవాళ్ళ కళ్ళు పోతాయి, అందుకే అద్దాలు పెట్టుకోమంటాం అనుకునేవాణ్ణి.

అద్దాలు పెట్టుకోనందుకు నేను లేజర్ గుంజుకున్నవాళ్ళ పేర్లు వేరే కాగితం మీద రాశాను. తొమ్మిది మంది. పుస్తకంలో వాళ్ళ వరుసలు చూశాను. తొమ్మిది మందీ ఆరో వరుస దాకా చదువుతున్నారు. ఓదెలు ఏడూ చదువుతాడు.



రోజు 22

మొగిలి అద్దాలు అడిగి తెచ్చాను. ఇనుప పట్టీ విప్పితే, దాని కింద నా చాకు తగలని పాత రాత ఉంది. 190 – 540. ఆ అద్దం ఏ అంకె నుంచి ఏ అంకె దాకా కిరణాలను ఆపుతుందో తయారు చేసినవాళ్ళు రాసి పెట్టారు. ఆకుపచ్చ కిరణం 532. అది ఆగుతుంది.

కానీ మా లేజర్లలో ఆకుపచ్చ తనంతట తాను పుట్టదు. కంటికి కనబడని కిరణం ఒక స్ఫటికం గుండా పోతే, అందులో కొంత ఆకుపచ్చగా మారుతుంది. మారకుండా మిగిలింది కూడా ఆకుపచ్చతో కలిసే బయటికి వస్తుంది. దాని అంకెలు 808, 1064. దాన్ని ఆపడానికి లేజర్ మూతి దగ్గర ఒక చిన్న అద్దం ముక్క ఉండేది. అది తీసేస్తే బండ తొందరగా కాలుతుందని మావాళ్ళు మొదట్లోనే తీసి పారేశారు.

సారక్క అద్దాలను బల్ల మీద నిలబెట్టాను. వెనక ఒక అగ్గిపుల్ల గుచ్చాను. ఓదెలు లేజర్ కొట్టాను. అద్దం వెనక ఆకుపచ్చ చుక్క లేదు. ఏమీ లేదు. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు అగ్గిపుల్ల అంటుకుంది.

వెలుగు కంట్లో పడితే ఎవరైనా రెప్ప వేస్తారు, ముఖం తిప్పుకుంటారు. ఎర్ర అద్దం వెనక అంతా చీకటి. చీకట్లో కంటిపాప విచ్చుకుంటుంది. మనిషి ఇంకా దగ్గరికి వంగుతాడు. నునుపు బండ మీంచి తిరిగి వచ్చే ఆ కిరణం నొప్పి పుట్టించదు. పూర్తిగా తెరిచిన కన్నుతో, ధైర్యంగా, గంటల తరబడి చూస్తాడు.

అద్దాలు లేకుండా గీకడం మంచిదని కాదు. ఓదెలును కాపాడింది బద్ధకం. కళ్ళు సగం మూసుకుని పది నిమిషాలు గీకి లేచిపోతాడు. ఆకుపచ్చనూ, కనబడనిదాన్నీ రెంటినీ ఆపే అద్దాలు ఒకప్పుడు ఉండేవి. మా స్టోర్‌లో లేవు.

నేను ఫిజిక్స్ చదివాను. పైన కాలేజీ మూతపడక ముందు చివరి బ్యాచ్. అంకెలు అంచు మీదే ఉన్నాయి. ముద్రకు చోటు కావాలని నేనే గీకేశాను.

రోజు 24

స్వరూపక్క గ్యాలరీ కమిటీకి పెద్ద. అగ్గిపుల్లలతో, లేజర్‌తో ఆమె గదికి వెళ్ళాను.

"తిన్నవా సారూ?" అని జావ గ్లాసు ముందు పెట్టింది.

చూపించాను. పుల్ల కొస దాకా కాలి ఆరిపోయే వరకు చూసింది.

"మల్ల కొట్టు."

మళ్ళీ కొట్టాను.

"అంటే గీ అద్దాలు పెట్టుకున్నోళ్లకే కండ్లు పోతున్నయ్."

"అవునక్కా."

"ముద్ర నీదేనాయె."

"నాదే."

"మరి గివి బంద్ చేస్తే, తొంభై దినాలకు ముగ్గురిని ఏడికెల్లి తెస్తవ్?"

కాలిన పుల్లలు ఏరి చేతిలోకి తీసుకున్నాను.

"నేను చెడ్డదాన్ని గాదు సారూ. గీకుడోళ్లు ఇష్టపడి గీకుతున్నరు, కండ్లు వాళ్లే పోగొట్టుకుంటున్నరు అనుకున్నం. ఎవ్వలి మీద పాపం లేకుంటుండె. గిప్పుడు నువ్వచ్చి గా పాపం తెచ్చి నా గిన్నెల పోస్తున్నవ్."

"నీకు ముందే తెలుసా?"

"నాకేం దెలుస్తది? నేను ఏడో తరగతి దాక సదివిన. డిగ్రీ నీది." గ్లాసు నా వైపు జరిపింది. "తాగు, సల్లారుతది. మీటింగ్ పెట్టుకో. అందరికి సూపెట్టు. నేనడ్డం రాను. ఏం చెయ్యాల్నో జనమే చెప్తరు."

రోజు 26

మీటింగ్. లైట్లు ఉన్నప్పుడే, అందరూ వచ్చాక పెట్టాను. సారక్క అద్దాలు, అగ్గిపుల్ల. పుల్ల అంటుకోగానే గీకేవాళ్ళ వైపు నుంచి ఒక శబ్దం వచ్చింది. అది మాట కాదు. మొగిలి తన అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో మూశాడు.

"గీకడం ఆపేయండి. ఈ రోజు నుంచే" అన్నాను.

 వెనక నుంచి ఒక ముసలాయన అడిగాడు: "ఆపితే, పైకి ఎవలు పోవాలె?"

"చీటీలు తీస్తరు," అంది స్వరూపక్క. "అందరియి. పిల్లల తల్లులయి గూడ."

అప్పుడు గ్యాలరీలో గొంతులు లేచాయి. మేమెన్నడు లేజర్ ముట్టలే అన్నారు. మా పేరెందుకు అన్నారు. అప్పుడు ఓదెలు నవ్వుతూ లేచాడు. ఎక్కడ గోల ఉన్నా దాని మీద ఒక నవ్వులాట వేయడం అతని అలవాటు.

"గింత లొల్లెందుకే? గీకుడు మానేసినోళ్లయే చీటీలేద్దాం. గీకేటోళ్లు గీకుతనే ఉంటరు, గీకనోళ్లు సల్లగుంటరు. అయిపాయె."

ఎవరూ నవ్వలేదు. స్వరూపక్క తల పైకెత్తింది. "మంచి మాటన్నవ్ ఓదెలూ," అంది. "మొన్న ముద్రలప్పుడు సారు రాసిన పట్టీల లేజర్ ఉన్నోళ్లు ముప్పై ఒక్కరు. రోజుకో గంట, ముద్రున్న అద్దాలతోటి గీకాలె. మానేసినోళ్ల పేర్లే చీటీలకు పోతయ్. ఒప్పుకున్నోళ్లు చేతులెత్తుండ్రి."

నూట డెబ్బై చేతులు దాకా లెక్కపెట్టాను. తరవాత మానేశాను. ఓదెలు చెయ్యి కూడా లేచి ఉంది.

రోజు 27

ఓదెలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నవ్వులాటకన్న సారూ. గంత దూరం పోతదనుకోలే."

"చెయ్యి ఎత్తావు కదా."

"అందరెత్తిన్రు గద సారూ."

"నువ్వు అద్దాలు లేకుండా గీకుతావు. నీ కళ్ళకేం కాదు."

 అతను తన లేజర్ అడిగి తీసుకుపోయాడు. ఇక గంట గీకక తప్పదు కదా.

అతను వెళ్ళాక లస్మవ్వ మంచం మీంచే అడిగింది.

"బిడ్డ అద్దాల మీద ముద్ర నువ్వే కొట్టినవా?"

"అవును."

"దాని కండ్ల వరుస గూడ నువ్వే రాసినవ్."

"అవునత్తమ్మా."

"మంచి చదువే సదివినవ్," అంది. గొంతు పెంచలేదు. తరవాత తడుముకుంటూ అద్దాలు తీసుకుని బండ ముందుకు జరిగింది. వద్దన్నాను.

"మానేస్తే పేరు చీటీలకు పోతది. గీకితే కండ్లు పోతయ్. నువ్వే సెప్పు, ఏది జెయ్యమంటవ్?"

రోజు 40

పదమూడు రోజులు స్క్రాప్ గుట్ట వెతికాను. ఒక పాత ప్రొజెక్టర్ లోపల నీలి ఛాయ ఉన్న అద్దం దొరికింది. వేడిని ఆపడానికి పెట్టేది. వేలి గోరంత ముక్క. అగ్గిపుల్లతో పరీక్షించాను. అరవై లెక్కపెట్టినా అంటుకోలేదు. లేజర్ మూతికి బిగిస్తే ఆకుపచ్చ మాత్రమే బయటికి వస్తుంది.

లేజర్లు ముప్పై ఒకటి. ముక్క ఒకటి.

లస్మవ్వ లేజర్‌కు బిగించాను. మొగిలి ఇల్లు మా పక్కనే. అతనికి చెప్పలేదు.

రోజు 58

గీకే ఇళ్ళకు ఇప్పుడు చుట్టుపక్కలవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు. ఏదో ఒక తినేది పట్టుకొస్తారు. కబుర్లు చెబుతారు. గంట అయ్యాక లేచి వెళ్తారు. అద్దాలు జారితే సర్దుతారు. ఇంత మర్యాద గ్యాలరీలో నేనెప్పుడూ చూడలేదు.

మొగిలి ఈ రోజు నా గుమ్మం దాటి రెండు అడుగులు ముందుకు పోయి, గోడ తడిమి, వెనక్కి వచ్చాడు. "గీడనేనా సారూ మీ తలుపు?" అని అడిగాడు. పదిహేనేళ్ళుగా పక్క గదిలో ఉంటున్నాడు.

రోజు 63

మళ్ళీ ముద్రలు. ముప్పై ఒక్క జతలు. ఓదెలు కూడా ఈసారి తన అద్దాలు తెచ్చాడు, మెడలో వేలాడేసుకుని. ఒక్కో అద్దంలోంచి లేజర్ కొట్టాను. చుక్క కనబడలేదు. పాస్. కొట్టాను. కనబడలేదు. పాస్. అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. మొగిలి మాత్రం, "జర గట్టిగ కొట్టుండ్రి సారూ, ముద్ర చెరిగిపోతున్నది," అన్నాడు.

నేను ముద్రలు కొట్టింది భయపడి కాదు. నేను ఈ పని మానేస్తే కళ్ళ పరీక్ష కూడా ఇంకొకరికి పోతుంది. లస్మవ్వ పేరు పక్కన అంకె వాళ్ళు వేస్తారు. కలం నా చేతిలో ఉండాలి.

రోజు 71

ముఖబండ అయిపోయిందని లస్మవ్వ చెప్పింది. ముక్కు చోటు ఖాళీగా వదిలేసింది.

"ఎట్లుంది?"

"బాగుంది."

"అబద్ధమాడుడు గూడ సదువుల్నే నేర్పుతరా?"

ఇద్దరం బండను గోడ దగ్గరికి జరిపాం. ఆమెకు మిగిలిన చూపును ఆ నీలి ముక్క కాపాడి ఉండవచ్చు. అంచుల్లో చూపు ఉంది. నడుస్తుంది, గిన్నెలు కడుగుతుంది. నడిమి చూపు లేదు. అక్షరాలు చదవడానికి కావలసింది అదే.

రోజు 84

పరీక్షకు ఆరు రోజులు. మనసులోనే అందరినీ లెక్క వేసుకున్నాను. మొగిలి నాలుగు దాటడు. గీకేవాళ్ళలో పద్మ అనే ఆమె ఉంది, ఆమె కూడా దాటదు. మూడో మనిషి లస్మవ్వ. మిగతావాళ్ళు ఈసారికి గట్టెక్కుతారు.

లస్మవ్వ పేరు పక్కన ఆరు వేస్తాను. అప్పుడు మూడో మనిషి కావాలి.

ఆమెకు చెప్పలేదు. "భయపడకు అత్తమ్మా," అని మాత్రం అన్నాను.

"నాకేం బయం? బిడ్డ పోయిన తొవ్వే గదా."

సారక్కకు నాలుగు వేసిన రోజు నేను నిజం రాశాను.  అప్పుడు అది నిజాయితీ అనుకున్నాను.

రోజు 89

దారిలో స్వరూపక్క ఎదురైంది. "ముగ్గురున్నరా?"

"ఉన్నారు."

"ఎవలని అడుగ. నీ మీద నమ్మకమున్నది." భుజం తట్టి వెళ్ళింది.

రోజు 90

పరీక్ష. చార్టు గోడకు తగిలించాను. పదిహేను అడుగుల దూరంలో సున్నపు గీత. ఒక్కొక్కరూ గీత మీద నిలబడి గట్టిగా చదవాలి, అందరూ వింటుండగా. రాసేది మాత్రం నేను. చివర్లో పైకి వెళ్ళేవాళ్ళ పేర్లు చదువుతాను. పుస్తకంలో ఒకసారి సిరాతో పడిన అంకెను కొట్టేయకూడదు. ఆ నియమం పెట్టమని నాలుగేళ్ళ కిందట అడిగింది నేనే, ఎవరూ నా మీద ఒత్తిడి తేకూడదని.

మొగిలి మూడు చదివాడు. మూడు వేశాను. పద్మ నాలుగు. నాలుగు వేశాను.

లస్మవ్వ రెండో వరుసలో ఆగింది. "ఇగ లేదు," అంది. ఆరు వేశాను.

ఓదెలు ఏడు వరుసలూ గడగడా చదివాడు. చార్టు అడుగున అచ్చు వేసినవాళ్ళు చీమ తలంత అక్షరాలతో వేసుకున్న పేరు కూడా చదివి, "గిది ఎనిమిదో వరుస సారూ, దీనికేమన్న ఎక్కువిస్తరా?" అన్నాడు. అందరూ నవ్వారు. చాలా రోజులకు గ్యాలరీలో నవ్వు వినిపించింది.

నాలుగు వేశాను.

మధ్యాహ్నానికి అందరివీ అయిపోయాయి. నిలబడి పేర్లు చదివాను. మొగిలి. పద్మ. ఓదెలు.

"సారూ, పేరు తప్పు సదివిన్రు," అన్నాడు ఓదెలు, నవ్వుతూనే.

"కుడి నాలుగు. ఎడమ నాలుగు."

"నేను ఏడు సదివిన గద?" వెనక్కి తిరిగాడు. "అందరిన్నరు గద? ఎనిమిదోది గూడ సదివిన. నవ్విన్రు గదనే మీరు?"

రెండు వందల మంది ఉన్నారు. కొందరు నేల చూశారు. కొందరు పిల్లల తలలు సవరించారు. ఎవరైనా ఒకరు నోరు తెరిస్తే మూడో పేరు మళ్ళీ వెతకాల్సి వస్తుంది. ఓదెలు ఒక్కొక్క ముఖమూ చూసుకుంటూ పోయాడు. అతనికి అన్ని ముఖాలూ స్పష్టంగా కనబడతాయి.

"పుస్తకంల ఏముంటే గదే," అంది స్వరూపక్క.

అప్పుడు లస్మవ్వ లేచింది.

"నేనిన్న. ఏడూ సదివిండు."

"కూసో అవ్వా."

"నేను రెండే సదివిన. అది గూడ మీరందరిన్నరు. నాకెంత రాసినవ్ అల్లుడా?"

 స్వరూపక్క నా చేతిలోంచి పుస్తకం తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"ఆరున్నది."

"దొంగ రాత. నన్ను రాసుకోండ్రి. ఓదెలును ఇడిసిపెట్టుండ్రి."

స్వరూపక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. పని చేతకాని మనిషిని చూసినట్టు చూసింది. తరవాత జనం వైపు తిరిగింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఆగింది. ఎవరూ అనలేదు.

"రాసింది రాసినట్టే," అంది. "కొట్టెయ్యరాదు. సారు పెట్టిన రూలే. ఓదెలు పోతడు. అవ్వ తనంతల తాను పోతనంటే వద్దనేటందుకు నేనెవలను? నలుగురు పోతరు. పైన పనికేం తక్కువ లేదు."

"నేను వెళ్తాను," అన్నాను. "ఇద్దరికీ బదులు."

"నువ్వు పోతే ముద్రెవలు కొడ్తరు?" పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. "ఇంటికి పోయి ఇంత తిను. పొద్దటి నుంచి నిలబడే ఉన్నవ్."

గదిలో లస్మవ్వ రెండు చీరలు మడత పెట్టుకుంది. కాళ్ళ మీద పడ్డాను. కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"నా బిడ్డకు నిజం రాసి పంపినవ్. నాకు అబద్ధం రాసి ఇంకొగని బిడ్డను పంపుతున్నవ్. రెండుసార్లు నీ చేతుల్నే కలముండె." 

రోజు 91

లైట్లు రాగానే కేజ్ దగ్గరికి వెళ్ళాం. పరీక్ష చేసినవాడు దగ్గరుండి ఎక్కించాలి. మొగిలి, పద్మ ముందే ఎక్కి కూర్చున్నారు. కేజ్‌కూ నేలకూ మధ్య జానెడు సందు ఉంది. లస్మవ్వ కాలితో తడుముతోంది. నేను చెయ్యి చాపాను. ఆమె దాన్ని పట్టుకోలేదు.

"ఇటు అవ్వా. నా చెయ్యి వట్టుకో. గీడ సందున్నది, పెద్దడుగెయ్యి," అన్నాడు ఓదెలు.

పట్టుకుంది. ఎక్కింది. లోపల అతని పక్కనే కూర్చుంది. ఓదెలు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అయినా అతని నోరు ఊరుకోలేదు.

"అవ్వా, నేను ఈడనే పుట్టిన. ఎండ ఎట్లుంటదో సూడలే. నువ్వు సూసినవ్ గద?"

"సూసిన."

"ఎట్లుంటది?"

"పోంగనే పైకి సూడకు కొడుకా. కండ్లు కిందికేసుకో. కాళ్లు సూస్కుంట నడువు."

"కొన్ని దినాలైతే అలవాటైతది గదా?"

లస్మవ్వ చీరల మూట ఒళ్ళోకి జరుపుకుంది.

"కాదు," అంది.

కేజ్ మనిషి ఇనుప జాలీ తలుపు మూశాడు. గొలుసు బిగిసింది. కేజ్ కదలబోతుంటే ఓదెలు జాలీ సందులోంచి నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను.

"సారూ," అన్నాడు. "అవ్వకు నేనున్న తియ్యి."

తల ఊపాను. అతని కళ్ళకు అది బాగానే కనబడి ఉంటుంది.